ఈఎంఐ తగ్గుతుందా, అప్పు తగ్గుతుందా?

ఇంటి లోన్లు, తనఖాల మీద పాఠకుల ప్రశ్నలకు, నెల్లూరులో బ్యాంకు ఇంటి లోన్ల విభాగం చూసి రిటైరైన మేనేజరు జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఒంగోలులో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల మాస్టారిని. వయసు 50. మాకు నెల్లూరు వేదాయపాళెంలో ఒక మిద్దె ఇల్లు ఉంది. కింద రెండు పోర్షన్లు, పైన ఒకటి. మూడూ అద్దెకిచ్చాం, కలిపి నెలకు 27 వేలు వస్తుంది. 2018లో ఆ ఇల్లు కొనడానికి ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలో 35 లక్షలు 20 ఏళ్లకు తీసుకున్నాను. ఇప్పుడు 28 లక్షలు బాకీ ఉంది, ఇంకా 12 ఏళ్లు కట్టాలి. వడ్డీ 10.25 శాతం, ఈఎంఐ 33,870. ఈమధ్య ఒక ఏజెంటు వచ్చి వేరే చోటికి మారిస్తే 8.25 శాతానికే ఇప్పిస్తానంటున్నాడు. ఈఎంఐ 23,860 అవుతుందట. నెలకు పది వేలు మిగులుతుంది, అద్దెతోనే కంతు వెళ్లిపోతుంది, జేబులోంచి పెట్టుకోనక్కర్లేదు అంటున్నాడు. ఫారంలో మాత్రం ఆ ఇంట్లో మేమే ఉంటున్నట్టు రాయమంటున్నాడు. పాత కంపెనీకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి ‘ఫీజు కడితే 8.75 చేస్తాం సార్’ అంది. లోన్లవాళ్లతో మాట్లాడాలంటేనే నాకు టెన్షన్. ఏం చేయమంటారు? నా పేరు వేయవద్దు.
— ఒంగోలు నుంచి ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, మీరు లెక్కలు చెప్పేవారు కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను. ఏజెంటు చెప్పిన 23,860 అబద్ధమేమీ కాదు. కాకపోతే 28 లక్షలకు 8.25 శాతం మీద ఆ ఈఎంఐ రావాలంటే గడువు 20 ఏళ్లు పెట్టాలి. మీకు మిగిలింది 12 ఏళ్లే. ఆ పై ఎనిమిదేళ్ల సంగతి ఆయన మీకు చెప్పినట్టు లేదు. 23,860 చొప్పున 240 నెలలు కడితే 57 లక్షల 26 వేలు అవుతుంది. అందులో వడ్డీయే 29 లక్షల పైమాట. ఇప్పుడు మీరు భారంగా కడుతున్న 10.25 శాతం లోనుని ఏమీ కదిలించకుండా చివరిదాకా కట్టినా వడ్డీ 20 లక్షల 77 వేలు దాటదు. అంటే వడ్డీ రేటు రెండు శాతం తగ్గించుకుని, వడ్డీ డబ్బు ఎనిమిదిన్నర లక్షలు ఎక్కువ కడతారన్నమాట. కాగితం తీసుకుని ఒకసారి మీరే వేసి చూడండి.

ఇందులో మీ వయసు లెక్క కూడా ఉంది. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 2022 నుంచి 62. ఇప్పుడున్న లోను సరిగ్గా మీరు రిటైరయ్యే ఏడాదికి తీరిపోతుంది. ఇంత చక్కగా కుదిరిన గడువుని చెడగొట్టుకోవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. 20 ఏళ్లకు మారిస్తే 70 ఏళ్లు వచ్చేదాకా కంతులే. జీతం ఆగిపోయాక ఎనిమిదేళ్లు ఆ ఇల్లు ఖాళీ లేకుండా ఉండాలి, బాడుగ సమయానికి రావాలి, మీకూ మీ ఇంట్లోవాళ్లకూ ఆరోగ్యం బాగుండాలి. అన్నీ కలిసొస్తాయని ముందే ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు అదే 8.25ని 12 ఏళ్లకే వేసి చూద్దాం. ఈఎంఐ 30,690 వస్తుంది. నెలకు 3,180 తగ్గింది. 144 నెలలకు నాలుగున్నర లక్షల పైన మిగులు. ఇది నిజమైన లాభం. నన్నడిగితే దీనికంటే మంచి దారి ఇంకోటుంది. వడ్డీ తగ్గించుకుని, ఈఎంఐ మాత్రం ఇప్పుడు కడుతున్న 33,870నే ఉంచండి. మీ ఇంటి ఖర్చులు ఇప్పటికే దానికి అలవాటుపడ్డాయి. అప్పుడు లోను 123 నెలల్లో, అంటే పదేళ్ల మూడు నెలల్లో తీరిపోతుంది. మొత్తం వడ్డీ పదమూడున్నర లక్షలే. ఇప్పటి దారిలో కంటే ఏడు లక్షల పైన తక్కువ, పైగా రిటైర్మెంటుకు ఏడాది తొమ్మిది నెలల ముందే ఇంటి కాగితాలు చేతికొస్తాయి.

ఇక పాత కంపెనీ సంగతి. 8.75 అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. ఎక్కడికీ కదలకుండా 12 ఏళ్ల మీద 8.75 అయితే ఈఎంఐ 31,470. దానితోనే మూడు లక్షల 45 వేలు మిగులుతుంది. కొత్త చోటి 8.25కీ దీనికీ తేడా 12 ఏళ్లకు లక్షా పన్నెండు వేలు. మారాలంటే కొత్త చోట ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, తనఖా కాగితం మీద స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు, ఒంగోలు నుంచి నెల్లూరుకు తిరుగుళ్లు, సెలవులు అన్నీ ఉంటాయి. అవన్నీ ఆ లక్షా పన్నెండు వేలలోంచే పోవాలి. పాత కంపెనీ 8.75 దగ్గరే ఆగకుండా 8.5కి వస్తే మారాల్సిన పనే లేకపోవచ్చు. అందుకే బేరం మొదట అక్కడే పెట్టమంటున్నాను.

మీకు ఇంత వడ్డీ ఎందుకు పడుతోందో తెలిస్తే మాట్లాడటానికి ధైర్యం వస్తుంది. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ ఇంటి లోన్లను, అంటే మధ్యలో వడ్డీ మారే లోన్లను, బయటి బెంచ్‌మార్కుకు (కొలబద్దకు) ముడిపెట్టాలని ఆర్‌బీఐ నిబంధన పెట్టింది. ఎక్కువ బ్యాంకులు రెపో రేటుకు, అంటే ఆర్‌బీఐ బ్యాంకులకిచ్చే అప్పు మీద వేసే వడ్డీకి, ముడిపెట్టాయి. రెపో మారితే మూడు నెలల్లోపు ఆ లోను వడ్డీ కూడా మారాలి. 2025 ఫిబ్రవరికి ముందు 6.5 ఉన్న రెపో, ఆ ఏడాది జూన్‌కల్లా 5.5కి వచ్చింది. ఆ లోన్లున్నవాళ్లకు ఒక శాతం దానంతటదే తగ్గింది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ నిబంధన వర్తించదు. వాళ్లు తమ సొంత ప్రైమ్ రేటు ఒకటి పెట్టుకుని, దాంట్లోంచి ఒక్కొక్కరికి ఇంత అని తగ్గించి ఇస్తారు. 2018లో మీకు తగ్గించింది అప్పటికే ఖరారైపోయింది. ఇప్పుడు చేరేవాళ్లకు ఎక్కువ తగ్గిస్తారు. అడగని పాతవాళ్లకు తగ్గించరు. మీరు ఒక్క కంతు తప్పకుండా కట్టినా సరే, నోరు తెరిచి అడిగితేనే వస్తుంది. ఇది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. బుద్ధిగా కట్టేవాళ్లే అందరికంటే ఎక్కువ వడ్డీ కడుతుంటారు.

అడిగే పద్ధతి కూడా చెబుతాను. ఫోన్లో మాట్లాడింది లెక్కలోకి రాదు. ఆ అమ్మాయి మంచిగానే చెప్పి ఉండొచ్చు, రేపు అక్కడ ఇంకొకరు కూర్చుంటారు. మెయిల్ పెట్టండి, లేదా బ్రాంచిలో కాగితం ఇచ్చి నకలు మీద సీలు వేయించుకోండి. రాయాల్సింది ఇంతే:

‘నా లోను ఖాతా నంబరు ఫలానా. ఇవాళ్టికి నా వడ్డీ 10.25 శాతం. ఇప్పటిదాకా ఒక్క వాయిదా తప్పలేదు. కొత్త ఖాతాదారులకు మీరిస్తున్న వడ్డీకి నా లోనుని మార్చాలంటే ఫీజు ఎంత, మారాక వడ్డీ ఎంత, ఈఎంఐ ఎంత, ఇంకా ఎన్ని నెలలు మిగులుతాయో రాతపూర్వకంగా తెలపండి. పదిహేను రోజుల్లో జవాబు ఇవ్వలేకపోతే ఫోర్‌క్లోజర్ లెటరు, మీ దగ్గరున్న నా డాక్యుమెంట్ల జాబితా ఇవ్వగలరు.’

ఫోర్‌క్లోజర్ లెటరు అంటే లోను ఇప్పుడే తీర్చేయాలంటే ఎంత కట్టాలో చెప్పే కాగితం. చివరి వాక్యం బెదిరింపు కాదు, మీ హక్కు. కానీ పని చేసేది ఆ వాక్యమే. నేను కౌంటరుకు ఇవతల కూర్చున్న రోజుల్లో చూసిందే చెబుతున్నాను. ‘కాస్త వడ్డీ తగ్గించండమ్మా’ అని వచ్చినవాళ్ల ఫైలు బల్ల మీదే ఉండిపోయేది. ఇంకోచోటి శాంక్షన్ లెటరు జిరాక్సు జతచేసి, ఫోర్‌క్లోజర్ లెటరు అడిగినవాళ్ల ఫైలు ఆ సాయంత్రానికే పై ఆఫీసుకు వెళ్లేది. మంచి కట్టుబడి ఉన్న ఖాతా పోతుందంటే ఏ సంస్థయినా కదులుతుంది. కాబట్టి ముందు కొత్త చోట మంజూరు కాగితం తెచ్చుకోండి. మంజూరైనంత మాత్రాన ఆ లోను తీసుకుని తీరాలనేం లేదు. ప్రాసెసింగ్ ఫీజు ఎప్పుడు కట్టాలి, తీసుకోకపోతే తిరిగిస్తారా అని మాత్రం ముందే అడగండి. ఒకేసారి నాలుగైదు చోట్ల దరఖాస్తులు పెట్టొద్దు. ప్రతి దరఖాస్తుకూ, మన అప్పుల చరిత్ర నమోదుచేసే సిబిల్‌లో విచారణ పడుతుంది, వరసగా పడితే స్కోరు తగ్గుతుంది. బాగా అడిగి కనుక్కుని ఒకటి, మహా అయితే రెండు చోట్ల పెట్టండి.

ఒక భయం తీసేసుకోండి. ఫ్లోటింగ్ వడ్డీ మీద మీరు వ్యక్తిగా తీసుకున్న ఇంటి లోను ముందుగా తీర్చేస్తున్నందుకు బ్యాంకు గానీ హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ గానీ జరిమానా వేయకూడదు. మీ డబ్బుతో తీర్చినా, వేరే చోటి లోనుతో తీర్చినా అంతే. మీ లోను ఫ్లోటింగే అని మాత్రం అగ్రిమెంటులో ఒకసారి చూసుకోండి.

కొత్తవాళ్లను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. 2024 అక్టోబరు 1 నుంచి ప్రతి రిటైల్ లోనుకూ ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అనే కాగితం ఇవ్వాలి. ఫీజులన్నీ కలుపుకుని ఏడాదికి మీ మీద నిజంగా ఎంత శాతం పడుతుందో దాంట్లో ఉంటుంది. ఏజెంటు నోటిమాటకు బదులు ఆ కాగితం పట్టుకోండి. దాంట్లో ‘ఇన్సూరెన్స్’ అని ఒక మొత్తం కనబడితే ఆగండి. మొత్తం ప్రీమియం ఒకేసారి లోనులో కలిపేసి, దాని మీద కూడా వడ్డీ వేయడం చాలా చోట్ల జరుగుతోంది. మీ వయసుకు టర్మ్ పాలసీ ఉండటం మంచిదే, అవసరం కూడా. దాన్ని విడిగా, మీకు నచ్చిన చోట తీసుకోండి. ‘ఇది తీసుకుంటేనే లోను’ అంటే ఆ మాటే రాసివ్వమనండి. ఎవరూ రాసివ్వరు.

రెండోది వడ్డీ ఏ రోజు నుంచి మొదలవుతుందన్నది. కొత్త బ్యాంకు డీడీ తీసిన రోజుకీ అది పాత కంపెనీ చేతికి వెళ్లిన రోజుకీ మధ్య వారం గడిచిందనుకోండి, ఆ వారం మీరు రెండు చోట్లా వడ్డీ కడతారు. చెక్కు మీద తేదీ నుంచి వడ్డీ వేసి, చెక్కుని మాత్రం రోజుల తర్వాత ఇవ్వడం తప్పని ఆర్‌బీఐ 2024 ఏప్రిల్‌లో సంస్థలకు స్పష్టంగా చెప్పింది, అలా వసూలు చేసింది తిరిగివ్వమంది. డీడీ తీసిన రోజే అందేలా, లేదంటే నేరుగా లోను ఖాతాకు ఆర్‌టీజీఎస్ చేసేలా ముందే మాట్లాడుకోండి.

రెపోకు ముడిపడిన లోను మంచిదే, నా ఓటు దానికే. కానీ అది పైకి కూడా అంతే వేగంగా పోతుందని మరవొద్దు. 2022 మే నెల నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 నుంచి 6.5కి ఎక్కింది. చాలామందికి ఈఎంఐ అదే ఉండి గడువు మాత్రం ఏళ్లకు ఏళ్లు పెరిగిపోయింది, వాళ్లకు తెలిసేసరికి ఆలస్యమైంది. వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అనేది ఖాతాదారుని అడగాలని ఆర్‌బీఐ 2023 ఆగస్టులో చెప్పింది. ‘గడువు పెంచొద్దు’ అని మొదటి రోజే రాసిచ్చేయండి.

ఇక ఆ ఇంట్లో మీరే ఉంటున్నట్టు రాయడం. వద్దు మాస్టారూ. మీ ఆధార్ ఒంగోలు, ఉద్యోగం ఒంగోలు, ఇన్‌కం టాక్స్ రిటర్నులో వేదాయపాళెం బాడుగ చూపిస్తుంటారు. వాల్యుయేషన్ ఇంజినీరు వెళ్లి తలుపు కొడితే తీసేది బాడుగకున్నవాళ్లు. దరఖాస్తులో తప్పు రాసినట్టు తేలితే లోను మొత్తం ఒకేసారి కట్టమనే హక్కు అగ్రిమెంటులో వాళ్లకు ఉంటుంది. రాసింది మీరు, సంతకం మీది. ఏజెంటు కమిషన్ తీసుకుని వెళ్లిపోతాడు. అసలు ఇలా దాచాల్సిన అవసరమే లేదు. బాడుగకిచ్చిన ఇంటికి కూడా బ్యాంకులు ఇంటి లోను ఇస్తాయి. ఒక మనిషికి మూడో ఇంటి నుంచి దాన్ని వాణిజ్య రియల్ ఎస్టేట్ లెక్కలో చూడాలని ఆర్‌బీఐ నిబంధన. మీకు ఇది మొదటిదో రెండోదో అయితే ఆ ఇబ్బంది లేదు. నిజం రాస్తే ఇంకో మేలు కూడా ఉంది. బాడుగలో కొంత భాగాన్ని మీ ఆదాయంగా లెక్కేస్తారు. దానికి అగ్రిమెంట్లు ఉండాలి, డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుండాలి. చేతికి నోట్లిచ్చేవాళ్లుంటే ఈ నెల నుంచే ఫోన్‌పేలో వేయమనండి.

బాడుగకున్నవాళ్లకు ముందే ఒక మాట చెప్పండి. చెప్పకుండా బ్యాంకు మనుషులు వచ్చి ఇంటికి నాలుగు పక్కలా ఫొటోలు తీస్తే, ఇల్లు వేలానికి వచ్చిందని వీధంతా పాకిపోతుంది. అలా భయపడి మంచి కుటుంబం ఖాళీ చేసి వెళ్లిపోవడం నాకు తెలుసు. ‘వడ్డీ తగ్గించుకోవడానికి లోను మారుస్తున్నాం, ఇంజినీరు వస్తాడు’ అంటే సరిపోతుంది.

మీరు రాయనిది ఒకటి అడగాలి. ఇంటి మీద ప్లానులో లేని గది ఏమైనా ఉందా? నెల్లూరులో పై అంతస్తు ప్లాను లేకుండా లేపిన ఇళ్లు చాలా చూశాను. అప్పట్లో బ్యాంకుకు కాకుండా ఫైనాన్స్ కంపెనీకి వెళ్లిన కారణం అదే అయితే, ఇప్పుడు కూడా బ్యాంకు ఇంజినీరు అక్కడే ఆగుతాడు. ప్లాను లేని కట్టడాలకు అపరాధ రుసుము కట్టించుకునే బీపీఎస్ పథకం కింద క్రమబద్ధీకరించుకుని ఉంటే ఆ ఉత్తర్వు, కార్పొరేషన్ ప్లాను, ఇంటిపన్ను రసీదులు, లింకు డాక్యుమెంట్ల (పాత యజమానుల దస్తావేజుల) జిరాక్సులు, తాజా ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) అన్నీ ఫీజు కట్టకముందే బ్యాంకు ప్యానెల్ లాయరుకు చూపించండి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్లు ఆపేసే 22ఎ నిషేధిత జాబితాలో లేదని కూడా చూసుకోండి. ఎప్పుడో సక్రమంగా కొన్న స్థలాలు కూడా తర్వాత ఆ జాబితాలోకి వచ్చిన సందర్భాలున్నాయి.

మారడమే ఖాయమైతే చివరి అడుగులో ఏమరుపాటు వద్దు. డబ్బు కట్టాక పాత కంపెనీ నుంచి డాక్యుమెంట్లు కొత్త బ్యాంకు మనిషి తీసుకుంటాడు. ఆ రోజు మీరూ పక్కన ఉండి, ముందు ఇచ్చిన జాబితాతో ఒక్కొక్కటీ సరిచూడండి. లింకు డాక్యుమెంటు ఒక్కటి తగ్గినా రేపు ఇల్లు అమ్మేటప్పుడు పెద్ద చిక్కు. పాత తనఖా రిజిస్టరై ఉంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో దాని రిలీజు కూడా రిజిస్టరు కావాలి. లేకపోతే ఈసీలో అది ఎప్పటికీ కనబడుతూనే ఉంటుంది.

పన్ను గురించి మీరు అడగలేదు, కానీ ‘వడ్డీ తగ్గితే పన్ను పెరుగుతుందేమో’ అని స్టాఫ్ రూములో ఎవరో ఒకరు అంటారు. మీ లెక్కే చూడండి. బాడుగ ఏడాదికి 3,24,000. ఇంటిపన్ను 9 వేలు కట్టారనుకుంటే మిగిలేది 3,15,000. అందులో 30 శాతం మినహాయింపు పోగా 2,20,500. దీంట్లోంచి లోను వడ్డీ తీసేయొచ్చు. ఇప్పటి లోను మీద ఏడాది వడ్డీ 2,81,000 దాకా ఉంటుంది. 60 వేలు నష్టం తేలుతుంది. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోలేరు, వచ్చే ఏడాదికి తీసుకెళ్లలేరు. అంటే ఆ 60 వేల వడ్డీకి పన్నులో ఏ ఉపయోగమూ లేదు. 8.25కి మారి అదే ఈఎంఐ కడితే మొదటి ఏడాది వడ్డీ 2,24,000 దాకా వస్తుంది. బాడుగ మీద అప్పటికీ పన్ను లేదు. పాత విధానంలో ఉన్నవాళ్లు ఇంటి నష్టాన్ని ఏడాదికి 2 లక్షల దాకా జీతంలోంచి తగ్గించుకోవచ్చు, వాళ్లకు ఆ మేరకు కొంచెం తేడా పడుతుంది. ఇల్లు కొన్న లోను తీర్చడానికి తీసుకున్న కొత్త లోను వడ్డీకి కూడా మినహాయింపు ఉంటుంది. దాంతో పాటు టాప్‌అప్ (అదనపు లోను) తీసుకుని పిల్లల చదువుకో పెళ్లికో వాడితే ఆ భాగానికి ఉండదు.

కాబట్టి మాస్టారూ, ముందు పాత కంపెనీకి కాగితం పెట్టండి. ఈలోపు మీ జీతం పడే బ్యాంకులోనే, ఏజెంటు లేకుండా, 12 ఏళ్ల గడువుకు మంజూరు అడగండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, ఖర్చులు పోను తేడా యాభై వేలు కూడా లేకపోతే ఉన్నచోటే ఉండండి.

ప్రశ్న: అమ్మా, మాది అల్లూరు పక్కన ఊరు. మా ఆయన రొయ్యల గుంటలు చేస్తాడు. కావలిలో మాకు రెండు షాపు రూములున్నాయి, బాడుగకిచ్చాం. వాటిని తనఖా పెట్టి 2022లో ఒక ఫైనాన్స్ కంపెనీలో వ్యాపారం లోను తీసుకున్నాం. ఇంకా 18 లక్షలు, ఏడేళ్లు ఉంది. వడ్డీ 13.5. ఒక బ్యాంకు 11కి ఇస్తానంటోంది, పైగా 6 లక్షలు అదనంగా ఇస్తారట, మేత షాపు బాకీ కట్టుకోవచ్చు. పాతవాళ్లు ముందే తీరిస్తే 4 శాతం కట్టాలంటున్నారు. ఇది న్యాయమేనా?
— అల్లూరు మండలం నుంచి ఒక సోదరి

జవాబు: అమ్మా, పై మాస్టారిది ఇంటి లోను, మీది వ్యాపారానికి తీసుకున్నది. అందుకే దారి వేరు. ఫ్లోటింగ్ లోన్ల మీద ముందస్తు చెల్లింపు చార్జీల గురించి ఆర్‌బీఐ 2025 జులైలో కొత్త ఆదేశాలిచ్చింది. వ్యక్తులు, చిన్న సంస్థలు వ్యాపారానికి తీసుకున్న లోన్లకూ చాలావరకు ఆ చార్జీ తీసేసింది. కొన్ని చిన్న బ్యాంకులు, మధ్యస్థాయి ఫైనాన్స్ కంపెనీల దగ్గర మాత్రం 50 లక్షల లోపు లోన్లకే ఆ రక్షణ. అయితే ఇది 2026 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ మంజూరైన, రెన్యువలైన లోన్లకు. మీది 2022ది. కాబట్టి మీ శాంక్షన్ లెటరు తీసి, లోను ఎవరి పేరు మీద ఉంది, ఏ పనికని రాశారు, వడ్డీ ఫ్లోటింగా ఫిక్సుడా, చార్జీ ఎంతని ఉంది, ఈ నాలుగూ చూడండి. నోటితో 4 అని, కాగితంలో 2 ఉన్న ఫైళ్లు నేను చూశాను.

4 శాతమే అనుకుందాం. 72 వేలు. ఈఎంఐ 33,240 నుంచి 30,820కి వస్తుంది. నెలకు 2,400 పైచిలుకు. ఆ 72 వేలు తిరిగి రావడానికే 30 నెలలు పడుతుంది. ఏడేళ్లు పూర్తిగా కడితే రెండు లక్షలు తగ్గుతుంది, ఖర్చులన్నీ పోను లక్ష చిల్లర మిగలొచ్చు. రెండేళ్లలో రూములు అమ్మే ఆలోచన ఏమైనా ఉంటే మాత్రం ఇప్పుడు కదలకండి. 72 వేలను చూపించి చార్జీ తగ్గించమని, లేదా వడ్డీ 12కి తెమ్మని పాతవాళ్లను అడగండి, కాగితం మీద.

మేత బాకీ సంగతి వేరుగా ఆలోచించాలి. షాపులో నూటికి రెండు రూపాయల వడ్డీ పడుతుంటే అది ఏడాదికి 24 శాతం. 11కి తెచ్చి అది తీర్చడం తెలివైన పనే. కానీ ఆ 6 లక్షలను ఏడేళ్ల లోనులో కలిపేయనివ్వద్దు. విడి ఖాతాగా, రెండేళ్ల గడువుతో అడగండి. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలన్నది) తేడా వచ్చినా, వైరస్ వచ్చినా, 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచినట్టు ఇంకేదైనా జరిగినా, గుంటల నష్టం గుంటల దగ్గరే ఆగాలి. ఆ రూముల బాడుగ మీ ఇంటికి గ్యారంటీగా వచ్చే డబ్బు, దాన్ని ప్రతి పంటకూ తాకట్టు పెట్టుకుంటూ పోవద్దమ్మా. కొత్త లోను కాగితంలో ‘ముందే తీరిస్తే చార్జీ లేదు’ అన్న వాక్యం ఉందో లేదో చూశాకే సంతకం పెట్టండి. మీరు కూడా సహ రుణగ్రహీత అయితే ఆ కాగితం మీ ఆయన చదివారని వదిలేయకుండా మీరూ చదవండి.

ప్రశ్న: బాడుగ ఇంటి మీద ఉన్న లోను పూర్తిగా కట్టేసి మూడు నెలలైంది. డాక్యుమెంట్లు చెన్నై నుంచి రావాలి, రేపు మాపు అంటున్నారు. ఎవరికి చెప్పుకోవాలి?
— సింగరాయకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: లోను పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు అసలు డాక్యుమెంట్లు ఇచ్చి, తనఖా నమోదు తీసేయించాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఇది నిబంధన. వాళ్ల వల్ల ఆలస్యమైతే ఆ తర్వాత ప్రతి రోజుకూ 5,000 రూపాయలు మీకివ్వాలి. డాక్యుమెంట్లు పోయినా పాడైనా సర్టిఫైడ్ నకళ్లు తెప్పించే బాధ్యత, ఖర్చు వాళ్లదే. దానికి మాత్రం వాళ్లకు ఇంకో 30 రోజులు అదనం. మీరు లోను తీరిన తేదీ, ఎన్ని రోజులు గడిచాయి, రోజుకు 5,000 చొప్పున ఎంతైంది అని లెక్క రాసి, సంస్థ గ్రీవెన్స్ అధికారికి మెయిల్ పెట్టండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే, బ్యాంకు మీదైతే ఆర్‌బీఐ ఆంబుడ్స్‌మన్‌కు (ఖాతాదారుల ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చేమీ లేదు. వివరాలకు 14448కి ఫోన్ చేయండి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే నేషనల్ హౌసింగ్ బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టాలి. లోను మూసేసినట్టు ఇచ్చిన లెటరు, చివరి చెల్లింపు రసీదు దగ్గర పెట్టుకోండి. డాక్యుమెంట్లు వచ్చిన రోజు తీసుకున్నట్టు సంతకం చేసేటప్పుడు, దాని మీద ఆ రోజు తేదీ మీ చేత్తోనే వేయండి. ముందు తేదీ వేసిన కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టొద్దు.